చేతిపంపు నీరు, చర్మంలో చిచ్చు

గంగా-బ్రహ్మపుత్ర మైదానంలో తాగునీటి ఆర్సెనిక్ చర్మకణాలకు ఆగని 'ఎదుగు' ఆదేశాలు అందిస్తోంది. ఆ ఆదేశం క్యాన్సర్‌గా మారడానికి దశాబ్దాలు పడుతుంది. ప్రభుత్వాల లెక్కలు మాత్రం ఐదేళ్లకు మించి సాగవు.

1983లో కలకత్తాలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవ్యాధుల నిపుణుడు డాక్టర్ కె.సి. సాహా దగ్గరికి పల్లెల నుంచి వచ్చిన కొందరు రోగుల ఒంటి మీద ఒకే రకం గుర్తులు కనిపించాయి. ఛాతీ మీద, వీపు మీద వానచినుకులు పడి ఆరినట్టు మచ్చలు. అరచేతుల్లో, అరికాళ్లలో ఆనెకాయల్లా గట్టిపడిన పొక్కులు. చూడగానే కుష్ఠు అనిపించినా అది కుష్ఠు కాదు. ఆరా తీస్తే వాళ్లంతా తాగుతున్నది గొట్టపుబావుల నీరని తేలింది. ఆ నీటిని పరీక్షిస్తే అందులో ఆర్సెనిక్ బయటపడింది. బెంగాల్ ఆర్సెనిక్ విషాదం వైద్యుల దృష్టికి వచ్చింది అలాగే.

ఆర్సెనిక్ అంటే తెలుగువాళ్లకు తెలియనిదేమీ కాదు. శంఖపాషాణం, హరిదళం, మణిశిల అన్నీ దాని రూపాలే. పాషాణం అన్న మాట విషానికి మారుపేరుగా భాషలో స్థిరపడిపోయింది కూడా. అయితే కథల్లోని పాషాణం ఒక్క మోతాదుతో ప్రాణం తీస్తుంది. చేతిపంపు నీటిలోని పాషాణానికి అంత తొందర లేదు. దానికి రంగు, రుచి, వాసన ఉండవు. ఐదేళ్లకో పదేళ్లకో మచ్చలు తెస్తుంది. ఆ తర్వాత ఎప్పుడో, ఇరవై ముప్పై ఏళ్లకు, కొందరి అరచేతి పొక్కు పుండై మానకుండా మొరాయిస్తుంది. కోసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని తేలుతుంది.

నీళ్లలోని ఒక మూలకానికీ చర్మంలోని పుట్టకురుపుకూ మధ్య ఇన్నేళ్లపాటు ఏం జరుగుతోంది? కణజీవశాస్త్రం ఇందుకు చెప్పే సమాధానాల్లో ముఖ్యమైనది గ్రోత్ ఫ్యాక్టర్ల కథ. కణాలు ఎప్పుడు ఎదగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ప్రోటీన్ సంకేతాల కథ అది. ప్రయోగశాలలో తేలిన ఆ సంగతికీ పంచాయతీ ఆఫీసులోని నీటిపరీక్షల రిజిస్టరుకూ సంబంధం చాలా దగ్గరిది.

మంచి పని, చెడ్డ నీరు

ఈ విషాదానికి పునాది ఒక మంచి పనే. 1970లలో బెంగాల్ డెల్టాకు ఇవతలా అవతలా పిల్లలు అతిసారంతో, కలరాతో పెద్ద సంఖ్యలో చనిపోతుండేవారు. కారణం చెరువుల, వాగుల మురికినీరు. భూమిలోంచి తోడిన నీటిలో క్రిములుండవన్నది అప్పటి లెక్క. ఆ లెక్క తప్పేమీ కాదు. యునిసెఫ్ వంటి సంస్థల తోడ్పాటుతో బంగ్లాదేశ్‌లో గొట్టపుబావుల ఉద్యమమే నడిచింది. పశ్చిమ బెంగాల్‌లోనూ అదే దారి. తాగునీటితోపాటు వేసవి వరికి సాగునీరు కూడా బోర్ల నుంచే వచ్చింది. చేతిపంపు ఇంటి గౌరవానికి గుర్తయింది. కట్నం కానుకల జాబితాలోకీ ఎక్కింది.

క్రిములున్నాయా అని చూసినవాళ్లు ఆర్సెనిక్ ఉందా అని చూడలేదు. హిమాలయాల నుంచి వేల ఏళ్లుగా కొట్టుకొచ్చిన ఒండ్రులో ఇనుప ఆక్సైడ్ రేణువులున్నాయి. వాటిని అంటిపెట్టుకుని ఆర్సెనిక్ ఉంది. ఆక్సిజన్ అందని లోతులో, సేంద్రియ పదార్థాన్ని తింటూ బతికే సూక్ష్మజీవుల చర్యవల్ల ఆ ఇనుము కరిగి ఆర్సెనిక్‌ను నీటిలోకి వదిలేస్తుంది. పాతకాలపు వెడల్పాటి నేలబావిలో గాలి తగలడంవల్ల ఈ బెడద సాధారణంగా తక్కువ. బాగా లోతున, 150 మీటర్ల కింద ఉన్న పాత ఒండ్రు పొరల్లోనూ చాలాచోట్ల తక్కువే. చవగ్గా, ఒక్క రోజులో దించగలిగే తక్కువ లోతు గొట్టాలు సరిగ్గా మధ్యనున్న విషపు పొరను చేరాయి.

జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ పర్యావరణ అధ్యయన విభాగానికి చెందిన దీపాంకర్ చక్రవర్తి 1988 నుంచి ఊరూరా తిరిగి నీటిని, వెంట్రుకలను, గోళ్లను పరీక్షించారు. 2018లో కన్నుమూసేదాకా ఆ పని వదల్లేదు. 1993లో బంగ్లాదేశ్‌లోని చపాయ్ నవాబ్‌గంజ్‌లో ఆర్సెనిక్ బయటపడింది. 2002లో బీహార్‌లోని భోజ్‌పూర్ జిల్లా సెమ్రియా ఓఝాపట్టి గ్రామం వంతు వచ్చింది. ఆ తర్వాత ఉత్తరప్రదేశ్‌లోని బలియా, ఝార్ఖండ్, అస్సాం, నేపాల్ తరాయి కూడా పటం మీదికి ఎక్కాయి. 2017లో వెలువడిన ఒక అధ్యయనం పాకిస్తాన్‌లోని సింధు మైదానంలో 5 కోట్ల నుంచి 6 కోట్ల మంది ముప్పులో ఉండొచ్చని అంచనా వేసింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అలన్ స్మిత్ బృందం రాసిన వ్యాసం బంగ్లాదేశ్ పరిస్థితిని చరిత్రలోనే అతి పెద్ద సామూహిక విషప్రయోగంగా వర్ణించింది. అప్పటి 12.5 కోట్ల జనాభాలో 3.5 కోట్ల నుంచి 7.7 కోట్ల మందికి ప్రమాదం ఉందని లెక్కగట్టింది.

కణానికి అందే ఆదేశం

చర్మం నిత్యం అరిగిపోయే అవయవం. పై పొర రాలిపోతుంటే అడుగున ఉన్న కణాలు విభజన చెంది కొత్త పొరను పైకి నెడుతూ ఉంటాయి. ఎన్ని రాలాయో అన్నే పుట్టాలి. ఎక్కువైతే ఆనెకాయ, తక్కువైతే పుండు. ఈ జమాఖర్చు సరిచూసే గుమాస్తాలే గ్రోత్ ఫ్యాక్టర్లు.

వీటిలో చర్మానికి సంబంధించినంతవరకు పెద్ద పేరు ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్‌ది. అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథుల నుంచి తీసిన సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కిస్తే, వాటి కళ్లు గడువుకంటే ముందే తెరుచుకున్నాయి. పళ్లు కూడా ముందే వచ్చాయి. ఆ సారంలో చర్మకణాల పెరుగుదలను వేగిరపరిచే పదార్థం ఉందని ఆయన గుర్తించారు. ఈ పరిశోధనకే 1986లో రీటా లెవీ-మోంటాల్చినీతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఇది పనిచేసే తీరు మరీ జటిలమైనదేమీ కాదు. కణం పొర మీద ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకాలు ఉంటాయి. వాటిని తలుపు గంటలు అనుకోవచ్చు. గ్రోత్ ఫ్యాక్టర్ వచ్చి గంట నొక్కగానే రెండు గ్రాహకాలు జత కడతాయి. వాటి లోపలి కొసలకు ఫాస్ఫేట్ ముక్కలు అతుక్కుంటాయి. అక్కడి నుంచి రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రోటీన్లు ఒకదాని చెవిలో ఒకటి చెప్పినట్టు కబురును కణకేంద్రకం దాకా మోసుకెళ్తాయి. విభజనకు కావలసిన జన్యువులు మేల్కొంటాయి. పని అయ్యాక ఫాస్ఫేట్లను ఊడదీసే ఎంజైములు వచ్చి గంట మోతను ఆపేస్తాయి. గ్రాహకాన్ని కణం లోపలికి లాగి నాశనం చేసే ఏర్పాటూ ఉంది.

క్యాన్సర్లలో చాలావాటికి ఈ ఆపే ఏర్పాటు దెబ్బతినడమే మూలం. కొన్నిసార్లు గంట బటన్ లోపలికి నొక్కుకుపోయి బిగుసుకుంటుంది. రాస్ జన్యువులో మార్పు వస్తే జరిగేది అదే. మెలనోమా అనే చర్మక్యాన్సర్లలో సుమారు సగం వాటిలో బీరాఫ్ జన్యువులో మార్పు ఉంటుంది. మరికొన్నిసార్లు గంటకు ఏ లోపమూ ఉండదు. నొక్కే చేయి మాత్రం ఆగదు.

ఆగని మోత

ఆర్సెనిక్ ప్రధానంగా ఈ రెండో కోవకు చెందుతుంది. సిగరెట్ పొగలోని కొన్ని రసాయనాల్లాగా, ఎండలోని అతినీలలోహిత కిరణాల్లాగా అది డీఎన్ఏ మీద నేరుగా దాడి చేసి అక్షరాలు మార్చడంలో అంత దిట్ట కాదు. అందుకే చాలాకాలం శాస్త్రవేత్తలకు అది కొరకరాని కొయ్యగానే ఉండిపోయింది. మనుషుల్లో క్యాన్సర్ తెస్తోందని స్పష్టంగా తెలుస్తూనే ఉంది. మామూలు ఎలుకలకు పెడితే మాత్రం చర్మక్యాన్సర్ వచ్చేది కాదు.

1998లో అమెరికాలోని జాతీయ పర్యావరణ ఆరోగ్య శాస్త్రాల సంస్థకు చెందిన డోరి జర్మోలెక్ బృందం ప్రచురించిన ప్రయోగం ఈ చిక్కుముడిలో ఒక పోగును విప్పింది. రాస్ జన్యువులో ముందే మార్పు చేసిన ఎలుకలను ఎంచుకున్నారు. కొన్నిటికి నీటిలో ఆర్సెనిక్ ఇచ్చారు. కొన్నిటి చర్మం మీద కణాలను రెచ్చగొట్టే రసాయనం స్వల్పంగా రాశారు. ఆర్సెనిక్ ఒక్కటే ఇచ్చినప్పుడు కణుతులు రాలేదు. రెండూ కలిసినప్పుడు మాత్రం పెద్ద సంఖ్యలో వచ్చాయి. ఆ ఎలుకల చర్మకణాల్లో టీజీఎఫ్-ఆల్ఫా అనే గ్రోత్ ఫ్యాక్టర్ మోతాదు మించి కనిపించింది. టీజీఎఫ్-ఆల్ఫా నొక్కేది ఈజీఎఫ్ఆర్ గంటనే. ఆర్సెనిక్ నీరు తాగిన మనుషుల చర్మపు గాయాల నమూనాలు చూస్తే వాటిలోనూ ఇలాంటి మార్పులే కనిపించాయి.

అంటే ఆర్సెనిక్ సోకిన కణం తన గంటను తానే నొక్కుకునే స్థితికి చేరుతోంది. పొరుగు కణాల గంటలూ నొక్కుతోంది. దీనికితోడు ఆర్సెనిక్‌కు గంధకం అంటే మహా ప్రీతి. ప్రోటీన్లలో గంధకం ఉన్న చోటల్లా అతుక్కుంటుంది. సంకేతాన్ని ఆపవలసిన కొన్ని ఎంజైముల కీలక స్థానంలో ఉండేదీ అదే. డీఎన్ఏ మరమ్మతు చేసే ప్రోటీన్లు కొన్ని కూడా ఇలాగే చేతులు కట్టేసినట్టవుతాయి. గంధకం దండిగా ఉన్న కెరాటిన్‌తోనే చర్మం పైపొర, గోళ్లు, వెంట్రుకలు తయారవుతాయి కాబట్టి ఆర్సెనిక్ అక్కడే పోగవుతుంది. జాదవ్‌పూర్ బృందం గోళ్లనూ వెంట్రుకలనూ సేకరించింది అందుకే.

ఇప్పుడు వరస అర్థమవుతుంది. ఎదగమన్న ఆదేశం ఆగదు కాబట్టి అరచేతి చర్మం మందమై ఆనెకాయ కడుతుంది. కణాలు ఎక్కువసార్లు విభజన చెందితే నకలు తప్పులు ఎక్కువవుతాయి. మరమ్మతు వ్యవస్థ బలహీనపడటంవల్ల ఆ తప్పులు నిలిచిపోతాయి. వాటిలో ఏదో ఒకటి అసలు బ్రేకునే ఊడగొడితే క్యాన్సర్ మొదలవుతుంది. ఎండ కూడా తోడైతే చెప్పనక్కర్లేదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో టోబీ రాస్మన్ బృందం 2001లో వెలువరించిన ఫలితాల్లో, అతినీలలోహిత కిరణాలతోపాటు ఆర్సెనిక్ నీరు కూడా అందిన ఎలుకలకు కిరణాలు మాత్రమే సోకినవాటికంటే ఎక్కువ చర్మకణుతులు వచ్చాయి.

నల్లచర్మం ఉన్నవారికి చర్మక్యాన్సర్ రాదన్న నమ్మకానికి ఇక్కడ కాలం చెల్లింది. మెలనిన్ అడ్డుకునేది ఎండను. లోపలి నుంచి, రక్తంలోంచి వచ్చే విషానికి అది గొడుగు పట్టలేదు. అందుకే ఆర్సెనిక్ క్యాన్సర్లు ఎండ సోకని అరచేతుల్లో, అరికాళ్లలో, బట్టల చాటున ఉండే ఒంటి మీద కూడా కనిపిస్తాయి. ఒకే మనిషికి నాలుగైదు చోట్ల రావడమూ ఉంది.

మందులు నేర్పిన పాఠం

సంకేతమే సమస్య అయితే సంకేతాన్ని ఆపే మందు వేస్తే సరిపోదా? ఈ ఆలోచనతోనే 2000ల్లో ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకునే మందులు వచ్చాయి. ఊపిరితిత్తులు, పెద్దపేగు, తల-మెడ భాగాల క్యాన్సర్లలో అవి మేలు చేశాయి. అయితే వాటిని వాడిన రోగుల్లో చాలామందికి ముఖం మీద, ఛాతీ మీద మొటిమల్లాంటి దద్దుర్లు వచ్చాయి. చర్మం ఆ సంకేతం మీద ఎంతగా ఆధారపడి ఉందో చెప్పడానికి అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

మరో అనుభవం ఇంకా విచిత్రమైనది. 2011లో అమెరికాలో అనుమతి పొందిన వెమురాఫెనిబ్ మెలనోమా రోగుల ఆయుష్షు పెంచింది. అది మార్పు చెందిన బీరాఫ్‌ను నిరోధిస్తుంది. అయితే మందు తీసుకున్నవారిలో సుమారు ఐదో వంతు మందికి కొత్తగా వేరే చర్మక్యాన్సర్, స్క్వామస్ సెల్ రకం, మొలిచింది. వాటిని పరిశీలిస్తే సగానికి పైగా కణుతుల్లో రాస్ జన్యువులో ముందునుంచే మార్పు ఉంది. అలాంటి కణాల్లో ఆ మందు సంకేతాన్ని ఆపకపోగా రెట్టించింది. ఒక తలుపు మూస్తే గాలి పక్క కిటికీని తోసుకుని వచ్చినట్టయింది. తర్వాత మెక్ అనే కింది మెట్టును కూడా అడ్డుకునే మందు జోడించి ఈ బెడదను తగ్గించారు.

బెంగాల్, బీహార్ పల్లెలకు ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, సంకేతాల వ్యవస్థ మీట నొక్కితే ఆగే మోటారు కాదు. ఒకచోట నొక్కితే మరోచోట పైకి లేస్తుంది. రెండు, ఇలాంటి మందులు కణుతులు ముదిరిన కొద్దిమందికి పనికొస్తాయే తప్ప కోట్లమందికి నివారణ మార్గం కాలేవు. ఆర్సెనిక్ చర్మక్యాన్సర్‌ను తొలిదశలో గుర్తిస్తే శస్త్రచికిత్సతోనో, ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించో, పూతమందుతోనో తొలగించవచ్చు. జిల్లా ఆసుపత్రి చేయగలిగిన పనే అది. చర్మం మీది క్యాన్సర్‌తో ప్రాణాలు పోవడం తక్కువ. ఆర్సెనిక్‌తో ఎక్కువ ప్రాణాలు తీసేవి ఊపిరితిత్తుల, మూత్రాశయ క్యాన్సర్లు, గుండెజబ్బులు. చర్మం లోపలి ప్రమాదాన్ని ముందుగా చూపించే నోటీసు బోర్డు.

విడ్డూరం ఏమంటే అదే ఆర్సెనిక్ ట్రయాక్సైడ్‌ను ఒక రకం రక్తక్యాన్సర్‌కు మందుగా 2000లో అమెరికా ఆమోదించింది. నేడు ఆ జబ్బుకు అది అత్యంత విజయవంతమైన చికిత్సల్లో భాగం. కొద్దివారాలు, వైద్యుల పర్యవేక్షణలో, లెక్కగట్టిన మోతాదులో ఇస్తే మందు. పుట్టిన నాటి నుంచి దాహం వేసినప్పుడల్లా తాగితే పాషాణం.

యాభైకీ పదికీ మధ్య

తాగునీటిలో ఎంత ఆర్సెనిక్ ఉండొచ్చు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో లీటరుకు 10 మైక్రోగ్రాములు అని మార్గదర్శక పరిమితి పెట్టింది. అంతకుముందు ఉన్న పరిమితి 50. బంగ్లాదేశ్ ఆ తర్వాత కూడా చాలాకాలం 50నే జాతీయ ప్రమాణంగా కొనసాగించింది. భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణం 10ని ఆమోదయోగ్య పరిమితిగా పేర్కొంటూనే, వేరే నీరు దొరకని చోట 50 వరకు సడలింపు ఇచ్చింది.

ఈ 40 మైక్రోగ్రాముల తేడాలో కోట్లమంది ఉన్నారు. బ్రిటిష్ జియలాజికల్ సర్వే, బంగ్లాదేశ్ ప్రభుత్వం కలిసి జరిపి 2001లో నివేదించిన సర్వేలో తక్కువ లోతు గొట్టపుబావుల్లో 27 శాతం 50 పరిమితిని దాటాయి. 10 పరిమితిని పెట్టుకుంటే అలా దాటినవి 46 శాతం. కలం పోటుతో దేశంలోని బావుల్లో అయిదో వంతు మంచివో చెడ్డవో కావచ్చునన్నమాట. ప్రమాణం మారితే ప్రభుత్వం మీద బాధ్యత మారుతుంది. చర్మకణానికి మాత్రం గెజిట్‌తో పనిలేదు.

బాధ్యత ఎవరిదన్న ప్రశ్న లండన్ దాకా వెళ్లింది. 1992లో బ్రిటిష్ జియలాజికల్ సర్వే బంగ్లాదేశ్‌లో కొన్ని బావుల నీటిని పరీక్షించింది. ఆ పరీక్షల్లో ఆర్సెనిక్ లేదు. ఆర్సెనిక్ వ్యాధి పాలైన ఒక బంగ్లాదేశ్ గ్రామస్థుడు ఆ సంస్థను నిర్వహించే మండలి మీద దావా వేశాడు. 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని తోసిపుచ్చింది. బంగ్లాదేశ్ ప్రజల తాగునీటి మీద ఆ సంస్థకు అదుపు గానీ బాధ్యత గానీ లేనప్పుడు, నివేదికలో రాయని విషయానికి దాన్ని జవాబుదారీ చేయలేమని తేల్చింది. చట్టం తర్కానికి అది సబబే కావచ్చు. బావులు తవ్వమన్నవారు, తవ్వించినవారు, పరీక్షించినవారు, ప్రమాణం పెట్టినవారు అందరూ ఉన్నా జవాబు చెప్పేవారు ఎవరూ లేకుండా పోయారు.

గుర్తు పెట్టే పని కొంత జరిగింది. 2000ల తొలి ఏళ్లలో బంగ్లాదేశ్‌లో సుమారు 50 లక్షల బావులను పరీక్షించి చెడ్డవాటికి ఎరుపు, మంచివాటికి ఆకుపచ్చ రంగు వేశారు. ప్రజారోగ్య చరిత్రలో అది చిన్న పనేమీ కాదు. కానీ రంగు వెలిసిపోతుంది. కొత్త బావులు రోజూ పడుతుంటాయి. 2016లో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక బంగ్లాదేశ్‌లో ఇంకా సుమారు 2 కోట్లమంది జాతీయ పరిమితికి మించిన ఆర్సెనిక్ నీరు తాగుతున్నారని చెప్పింది. ప్రభుత్వం వేసే లోతైన బావుల్లో కొన్ని అవసరం ఉన్న పేదల వాడకు కాక పలుకుబడి ఉన్నవారి ముంగిళ్లకు చేరుతున్నాయని ఆక్షేపించింది. భారతదేశంలో 2017 మార్చిలో కేంద్రం ఆర్సెనిక్, ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు సుమారు 28 వేలను లక్ష్యంగా పెట్టుకుని జాతీయ నీటి నాణ్యత ఉపమిషన్‌ను ప్రారంభించింది. 2019లో ప్రకటించిన జల్ జీవన్ మిషన్ గడువును 2025 బడ్జెట్‌లో 2028 వరకు పొడిగించారు.

రెండు గడియారాలు

పైపు నీరు వస్తే కథ ముగుస్తుందా? చిలీలోని ఆంటొఫగాస్టా నగరం ఈ ప్రశ్నకు చేదు జవాబిచ్చింది. 1958లో ఆ నగరానికి కొత్త నదీజలాలు తెచ్చారు. వాటిలో ఆర్సెనిక్ లీటరుకు 800 మైక్రోగ్రాములు దాటింది. 1970లో శుద్ధి కర్మాగారం పెట్టడంతో అది ఒక్కసారిగా తగ్గింది. విషపునీరు తాగింది పన్నెండేళ్లే. అయినా 40 ఏళ్ల తర్వాత కూడా అక్కడ ఊపిరితిత్తుల, మూత్రాశయ క్యాన్సర్లు ఎక్కువగానే కనిపించాయి. తైవాన్ నైరుతి తీరంలో 1960లలో 40,421 మందిని పరీక్షించిన సెంగ్ బృందం వెయ్యికి 10.6 మందికి చర్మక్యాన్సర్ ఉన్నట్టు లెక్క తేల్చింది. వాళ్లు తాగింది 1910, 1920ల నుంచి వాడుకలోకి వచ్చిన లోతైన బావుల నీరు.

అంతా చీకటే కాదు. బంగ్లాదేశ్‌లోని ఆరైహజార్‌లో 2000లో మొదలైన అధ్యయనం సుమారు 12 వేలమంది పెద్దలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. 2010లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం అక్కడి మరణాల్లో సుమారు 21 శాతానికి, 10 మైక్రోగ్రాములు మించిన ఆర్సెనిక్ కారణం. అదే ఊళ్లలో బావికి ఎంత విషముందో చెప్పి వదిలేస్తే, చెడ్డ బావి ఉన్న కుటుంబాల్లో సగానికి పైగా మరో బావికి మారాయి. 2025లో అదే బృందం రెండు దశాబ్దాల లెక్క చూపింది. శరీరంలో ఆర్సెనిక్ ఎక్కువ నుంచి తక్కువకు దిగినవారిలో గుండెజబ్బు, క్యాన్సర్ మరణాలు, తగ్గనివారితో పోలిస్తే బాగా తక్కువగా ఉన్నాయి.

ఈ రెండు ఫలితాల్లో వైరుధ్యం కనిపించవచ్చు. గ్రోత్ ఫ్యాక్టర్ల కథ తెలిస్తే అది విడిపోతుంది. బ్రేకు ఊడిపోయిన కణం మంచినీళ్లు తాగినంత మాత్రాన దారికి రాదు. అది తన కాలానికి తాను క్యాన్సరవుతుంది. కానీ ఎదగమన్న ఆదేశం వింటూ ఇంకా బ్రేకు పోగొట్టుకోని కణాలు లక్షల్లో ఉంటాయి. గంట మోత ఆగితే అవి ఆగిపోయే అవకాశముంది. నీరు మార్చడమంటే ఆ కణాలను కాపాడటం. ఎంత ముందు మార్చితే అన్ని ఎక్కువ కణాలు బతికిపోతాయి.

అందుకే ఒక ఊరికి కుళాయి వచ్చిందన్న రోజున అధికారులు మూసేసే ఫైలు నిజానికి తెరిచి ఉంచవలసినది. పదేళ్లు విషపునీరు తాగిన ప్రతి మనిషి అరచేతులు, అరికాళ్లు ఏడాదికోసారి ఎవరో ఒకరు చూడాలి. దానికి యంత్రాలు అక్కర్లేదు. ఆశా కార్యకర్తకు నాలుగు ఫొటోలు చూపి నేర్పితే చాలు. మానని పొక్కును జిల్లా ఆసుపత్రికి పంపే దారి ఉండాలి. బావులను ఒకసారి పరీక్షించి ఊరుకోకుండా మళ్లీ మళ్లీ పరీక్షించాలి. తిండి కూడా లెక్కలోకి రావాలి. ఆర్సెనిక్‌ను మార్చి మూత్రంలో బయటకు పంపే పనికి శరీరానికి ఫోలేట్ కావాలి. ఆకుకూరలు, పప్పులు సరిగా అందని పేద ఒంట్లోంచి విషం పోవడం కష్టమవుతుంది. ఒకే బావి నీరు తాగిన రెండిళ్లలో పేదింటి చేతులకే పొక్కులు ఎక్కువ రావడానికి ఇదొక కారణం.

సమాజం చేసే గాయం మరొకటి ఉంది. మచ్చలున్న అమ్మాయికి సంబంధాలు కుదరవు. పెళ్లయినవారిని పుట్టింటికి పంపేసిన ఉదంతాలు బెంగాల్‌కు రెండువైపులా ఉన్నాయి. అంటువ్యాధి అనుకుని పిల్లలను బడిలో దూరంగా కూర్చోబెడతారు. ఇది అంటదని చెప్పడానికి ఖర్చేమీ కాదు.

తెలుగు నేలకు ఈ కథ మరీ పరాయిదేమీ కాదు. భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను వంచేస్తోందని దేశంలో తొలిసారి నమోదైంది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. తర్వాత నల్లగొండ ఆ జబ్బుకు పర్యాయపదమైంది. ఫ్లోరైడ్ తొలగించే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు. అయినా జిల్లా పల్లెలకు కృష్ణా నీరు పైపుల్లో పెద్ద ఎత్తున చేరడానికి 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ దాకా ఆగవలసి వచ్చింది. కొత్త నీరు తాగి పెరిగే పిల్లలు నిటారుగా నడుస్తారు. వంగిపోయిన పెద్దల నడుములు అలాగే ఉండిపోయాయి. వాళ్ల పింఛను, వైద్యం, చక్రాల కుర్చీ పైపుల పథకం లెక్కలోకి రావు.

భోజ్‌పూర్‌లో, ముర్షీదాబాద్‌లో, ఆరైహజార్‌లో రేపు అదే జరుగుతుంది. మంచినీళ్లు వచ్చాక కూడా 2040లలో, 2050లలో అక్కడి ఆసుపత్రులకు మానని పొక్కులతో మనుషులు వస్తూనే ఉంటారు. వాళ్లు తాగిన నీటి వివరాలు ఇప్పుడే పేరుపేరునా రాసి ఉంచకపోతే, అప్పుడు వాళ్లను చూసే వైద్యుడు 1983లో సాహా వేసిన ప్రశ్ననే మళ్లీ మొదటినుంచి వేయాల్సి వస్తుంది.